నాలుగో లైన్లో మూడు బ్రేకులు

పాత బొగ్గు యార్డ్, రైల్వే క్వార్టర్స్
జూన్ 9

ఒరేయ్ బావమరిదీ,

చేరానని మీ అక్కకి కార్డు రాసి, చివర 'బావని అడిగానని చెప్పు' అని ఒక్క ముక్క పడేశావు. పన్నెండేళ్ళు నా పక్కన పట్టాల మీద నడిచినవాడివి. వ్యాగన్‌కి వ్యాగన్ తగిలించడం నీకు నేర్పిన మొదటి రోజు నీ బొటనవేలు నలిగితే మీ అక్క నాతో వారం మాట్లాడలేదు. సరేలే, ఇప్పుడు అసిస్టెంట్ యార్డ్ మాస్టరువి. తీరిక ఉండదు. అర్థం చేసుకున్నాను. అర్థం చేసుకున్నానని చెప్పడానికే ఈ ఉత్తరం.

ఇక్కడ కొత్తగా ఏమీ లేదు. ఖాళీ వ్యాగన్లు వస్తాయి, బంకర్ కింద బొగ్గు నింపుకుంటాయి, వెళ్ళిపోతాయి. వాటికి దారి చూపించే షంటింగ్ మాస్టరు మాత్రం ఇక్కడే ఉంటాడు. మొన్నటి వానకి నాలుగో లైను మధ్యలో ఎప్పట్లాగే మడుగు కట్టింది. మన లావు డ్రైవరు దాన్ని చూసి 'ఇంజనుకి స్నానం చేయించమంటావా మాస్టరూ' అని అడిగాడు. రోజూ ఒకసారి నీ సంగతి కూడా అడుగుతున్నాడు. 'మీ బావమరిది గాజు గదిలో కూర్చున్నాడటగా' అంటాడు. ఆ వెంటనే, 'ప్రమోషన్ పరీక్ష నువ్వూ రాశావు కదూ' అంటాడు.

రాశాను. ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చుని రాశాం. నా తమ్ముడిలాంటివాడికి వస్తే నాకు వచ్చినట్టేనని అందరికీ చెబుతున్నాను. మూడుసార్లు చెబితే నాలుగోసారి నవ్వుతున్నారు.

అక్కడి యార్డ్ ఎలా ఉందో వివరంగా రాయి. ఎన్ని లైన్లు, ఇంజన్లు ఎన్ని, నీ మాట ఎవరు వింటారు, అన్నీ.

మీ బావ


కొత్త యార్డ్, స్టాఫ్ వసతి గృహం
జూన్ 21

బావా,

కోపంగా ఉన్నావని అక్షరాల వంకర చూసే తెలిసింది. కార్డులో చోటు లేక రాయలేదు, మనసులో చోటు లేక కాదు.

ఇరవై రెండు లైన్లు బావా. మన ఏడు లైన్లు వీటి ఒక మూలలో పెట్టి మరిచిపోవచ్చు. మూడంతస్తుల పైన గాజు గది. కింద ఎవరికి ఏం చెప్పాలన్నా మైకులో చెబితే యార్డంతా వినిపిస్తుంది. చొక్కాకి మసి అంటదు. మొదటి వారం సాయంత్రం గదికి వెళ్ళి, కాలరు నల్లగా లేదేమిటా అని ఉతికే ముందు రెండుసార్లు చూసుకున్నాను. ఎంత వాన పడినా ఒక్క లైన్లోనూ నీళ్ళు నిలవవు. మొత్తం జారుకుని మరమ్మతుల షెడ్డు వైపు కాలవలో పడిపోతాయి. అంత నున్నగా వేశారు.

ఒక్కటే లోటు. ఇక్కడ ఎవరికీ ఎవరూ తెలీదు. మన దగ్గర నువ్వు చెయ్యి ఇలా ఊపితే ఇంజను ఆగుతుంది, అలా ఊపితే టీ వస్తుంది. ఇక్కడ మైకులో నా గొంతు తప్ప నా మొహం ఎవరికీ తెలీదు. వ్యాగన్లు తగిలించే కప్లింగ్ మనిషి ఒక్కడితో మాత్రం పరిచయమైంది. పెద్ద మీసాలాయన. మొదటి రోజే మెట్లెక్కి పైకొచ్చి, 'మైకులో అరిచేది ఎవరో చూసి పోదామని వచ్చాను' అన్నాడు.

పోయిన వారం పెద్ద ఆఫీసరు మీటింగ్ పెట్టాడు. బొగ్గు బండి ఒక్కటి తయారు కావడానికి ఆరు గంటలు పడుతోంది, ఎవరికైనా ఆలోచన ఉంటే చెప్పండి అన్నాడు. నేనూ ఏదో చెప్పాను. విన్నారు.

అక్కకి విడిగా రాస్తున్నాను.

బావమరిది


పాత బొగ్గు యార్డ్
జూలై 2

ఒరేయ్,

నీ ఉత్తరం మీ అక్క పైకి చదివింది, నేను విన్నాను. తర్వాత ఆవిడ వంటింట్లోకి వెళ్ళాక నేను మళ్ళీ చదివాను. చొక్కాకి మసి అంటదన్న దగ్గర ఆగిపోయాను. నా చొక్కాల మసి గురించి ఇన్నేళ్ళలో మీ అక్క ఒక్క మాట అనలేదు. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు, 'వాడి చొక్కాలు వాడే ఉతుక్కుంటున్నాడట, తెల్లగా ఉంటాయట' అంది. ఊరికే అంది. నాకు మాత్రం రోజంతా గుచ్చుకుంటూనే ఉంది.

'ఏదో చెప్పాను' అన్నావు. ఏం చెప్పావు?

ఎందుకు అడుగుతున్నానంటే, ఆరు గంటల పని నాలుగు గంటల్లో అయ్యే యార్డ్ నాకు తెలిసి ఒక్కటే. అది మనది. తొమ్మిదేళ్ళ కిందట ఇంజను చెడిపోయిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. నింపిన వ్యాగన్లని నాలుగో లైన్లో ఇంజను లేకుండా వదిలేసి, ఉన్న ఒక్క ఇంజనుతో మిగతా పని చేయించాను. అప్పుడు అర్థమైంది. ఇంజను ప్రతిసారీ చుట్టూ తిరిగి రానక్కర్లేదు, నింపినవి అక్కడ నిలబెట్టి, ఖాళీలు సర్ది, చివర్లో వెనకనుంచి వచ్చి తీసుకుపోవచ్చని. నువ్వు నా పక్కనే నిలబడి, 'బావా, నీ బుర్రలో పట్టాలున్నాయి' అన్నావు. తొమ్మిదేళ్ళుగా అలాగే చేస్తున్నాం. పైనుంచి ఒక్కడూ వచ్చి ఎలా చేస్తున్నారని అడగలేదు. నిన్ను మాత్రం చేరిన నెలకే అడిగారు.

జవాబు రాయి.

బావ


కొత్త యార్డ్
జూలై 15

బావా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. మీటింగులో మాట్లాడింది పెద్ద విషయం కాదు, అటూ ఇటూ నాలుగు మాటలు. అందరూ తలో మాట చెప్పారు.

అక్కకి మోకాలు నొప్పి తగ్గిందా? మెట్లెక్కి నీళ్ళు మోయనివ్వకు.

అన్నట్టు ఒక చిన్న సంగతి. మన నాలుగో లైన్లో నింపిన వ్యాగన్లు నిలబెట్టినప్పుడు ఎన్నింటికి చేతి బ్రేకు బిగిస్తాం? నాకు మూడని గుర్తు. మూడేనా, ఇంకా ఎక్కువా? ఊరికే ఇక్కడివాళ్ళతో మాటల్లో వచ్చింది. మొత్తం ఇరవై ఏడు వ్యాగన్లకీ బిగించి, మళ్ళీ విప్పాలంటే కలిసొచ్చే టైమంతా దానికే పోతుంది కదా, అందుకు.

బావమరిది


పాత బొగ్గు యార్డ్
జూలై 24

మూడు.

మా దగ్గర మూడు వ్యాగన్లకే బిగిస్తాం. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా కదల్లేదు.

బావ

తమ్ముడూ, కింద ఉన్న ఖాళీలో నేను రాస్తున్నాను. ఈయన కవరు అంటించమని ఇచ్చి స్నానానికి వెళ్ళారు. మొన్న ఆఫీసు నుంచి ఒక అచ్చు కాగితం తెచ్చుకున్నారు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు, చొక్కా మారిస్తే ఆ జేబులోంచి ఈ జేబులోకి మారుస్తున్నారు. అడిగితే 'సర్క్యులర్' అంటారు. అన్నం ముందు పెడితే చల్లారేదాకా చూస్తూ కూర్చుంటున్నారు. లావు డ్రైవరు ఇంటికొచ్చి, 'మీ తమ్ముడి పేరు పేపర్లో పడిందమ్మా' అంటే ఈయన లేచి బయటికి వెళ్ళిపోయారు. ఏమిటది? మీ ఇద్దరి మధ్య ఏం జరుగుతోంది? నాకు నిజం రాయి.
అక్క


కొత్త యార్డ్
ఆగస్టు 3

అక్కకీ బావకీ,

దాచాల్సింది కాదు. దాచాను. బావ చూసేశాడని అక్క రాసిన దాన్నిబట్టి తెలిసింది.

మీటింగులో నేను చెప్పింది నాలుగో లైను పద్ధతే. ఆఫీసరుకి నచ్చింది. బొమ్మ గీసి ఇమ్మన్నాడు, ఇచ్చాను. 'కొత్త పద్ధతి, రూపొందించినవారు ఫలానా' అని సర్క్యులర్లో నా పేరు వేశారు. ఇది మా పాత యార్డ్‌లో ఎప్పటినుంచో చేస్తున్నదేనని నేను చెప్పాను. వాళ్ళు ఆ ముక్క వదిలేశారు. అచ్చు వేసేవాళ్ళు అలాగే చేస్తారు కదా.

ఈ నెల పద్దెనిమిది, సోమవారం పొద్దున పదిన్నరకి ఇక్కడ మొదటిసారి చేసి చూపించాలి. పెద్దవాళ్ళంతా వస్తారు. బాగా జరిగితే, బావా, ఆ రోజే నీ సంగతి వాళ్ళకి చెబుతాను. ఒట్టు.

నీకు కోపం ఉంటే తిట్టు. ఆ 'మూడు' అన్న ఒక్క మాటని తట్టుకోవడం మాత్రం నా వల్ల కావట్లేదు.

తమ్ముడు, బావమరిది


పాత బొగ్గు యార్డ్
ఆగస్టు 9

అసిస్టెంట్ యార్డ్ మాస్టరు గారికి,

అభినందనలు. మీ పేరు అచ్చులో బాగుంది. అక్షరాలు కాస్త లావుగా వేసి ఉంటే ఇంకా బాగుండేది.

నాకు కోపమా? దేనికి? పట్టాలు ప్రభుత్వానివి, బొగ్గు భూమిది, నాలుగో లైను ఎవరి సొత్తూ కాదు. ఇక్కడ ఆ కాగితం ఆఫీసు గోడకి అంటించారు. మనవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి చదివి, వెనక్కి తిరిగి నన్ను చూస్తున్నారు. వాళ్ళ చూపులో జాలి ఉంది. నువ్వు నా పద్ధతి తీసుకుపోయావు, సరే. ఈ జాలి కూడా తీసుకుపోయి ఉంటే బాగుండేది.

చెప్పానని అంటున్నావు. నువ్వు చెప్పలేదు. నాకు తెలుసు. అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు 'కదా' అని ముగిస్తావు. చిన్నప్పటినుంచీ అంతేనని మీ అక్కే చెప్పింది.

పద్దెనిమిదిన జయప్రదంగా జరగాలని కోరుకుంటున్నాను. నన్ను అడిగినదానికి జవాబు చెప్పాను. అడగనిదాని గురించి నేనెందుకు మాట్లాడాలి?

షంటింగ్ మాస్టరు


కొత్త యార్డ్
ఆగస్టు 20

బావా,

ఈ పాటికి నీకు తెలిసే ఉంటుంది. అయినా నేనే రాయాలి.

సోమవారం తొమ్మిదిన్నరకి నువ్వు కంట్రోల్ ఫోన్‌లో నన్ను పట్టుకున్నావు. 'ఆపు. మీ లైన్లో నిలవవు, ఆపు' అన్నావు. చుట్టూ ఆఫీసర్లు. నేను రిసీవరు చేత్తో మూసి, 'మా బావ. కాస్త కడుపుమంట' అన్నాను. అందరూ నవ్వారు. నీతో, 'ఇప్పుడు ఆపితే నా పరువు పోతుంది, నీకు కావలసింది అదే కదా' అని పెట్టేశాను. నా 'కదా' నీకు వినపడే ఉంటుంది.

పదిన్నరకి ఇరవై ఏడు వ్యాగన్లు పదకొండో లైన్లో పెట్టాం. మూడింటికి బ్రేకులు బిగించారు. ఇంజను విప్పుకుని పక్క లైన్లోకి వెళ్ళింది. నేను గాజు గదిలోంచి చూస్తున్నాను. ఆఫీసరు గడియారం చూసి, 'శభాష్' అన్నాడు. నాలుగైదు నిమిషాలు నిలబడ్డాయి బావా. కదలడం మొదలైనప్పుడు అవి కదులుతున్నాయో, నా కళ్ళు తిరుగుతున్నాయో తెలీలేదు. చప్పుడు లేదు. పక్కనున్న స్తంభం వెనక్కి పోతున్నట్టు అనిపించింది.

మరమ్మతుల షెడ్డు వైపు పోతున్నాయి. అక్కడ వ్యాగన్ల కింద ఆరుగురు పడుకుని పని చేస్తున్నారు. నేను మైకు పట్టుకున్నాను. గొంతు రాలేదు. ఇన్నాళ్ళూ యార్డంతా వినిపించిన గొంతు ఆ ఒక్క క్షణం రాలేదు.

మీసాలాయన పరిగెత్తాడు. చేతిలో చెక్క దిమ్మలు. వ్యాగన్ పక్కనే పరిగెడుతూ ఒక దిమ్మ చక్రం కింద పెట్టాడు, అది నలిగి ఎగిరిపోయింది. రెండోది పెట్టాడు, కాస్త వేగం తగ్గింది. షెడ్డు వైపు అరుస్తూనే ఉన్నాడు. వాళ్ళు ఆరుగురూ బయటికి దొర్లారు. మూడోది పెట్టబోతూ కంకర మీద జారాడు. ముందు వ్యాగన్లు రెండు పట్టాలు తప్పి ఒరిగాయి. బొగ్గు ఆయన మీద పడింది. మేం చేతులతో తోడి బయటికి తీశాం. బతికాడు. ఎడమ కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది.

నన్ను డ్యూటీ నుంచి తప్పించారు. ఎంక్వైరీ ఉంది. గదిలో కూర్చుని ఒక్కటే ఆలోచిస్తున్నాను. నిలవవని నీకు ఎలా తెలుసు? ఎప్పటినుంచి తెలుసు?

బావమరిది


పాత బొగ్గు యార్డ్
ఆగస్టు 24

తమ్ముడూ,

జూన్ నుంచి తెలుసు.

నీళ్ళు నిలవవు, మొత్తం షెడ్డు వైపు జారిపోతాయని నువ్వే రాశావు. అంటే లైను అటు వాలి ఉందన్నమాట. నీళ్ళు పోయే దారిలోనే చక్రాలూ పోతాయి. మన నాలుగో లైను అలా కాదు. ఇన్నేళ్ళ బొగ్గు బరువుకి నడుం కుంగిన మంచంలా మధ్యలో దిగిపోయింది. అందుకే అక్కడ మడుగు కడుతుంది. వ్యాగన్లని అటునుంచి తోసినా ఇటునుంచి తోసినా వచ్చి ఆ పల్లంలో కూర్చుంటాయి. వాటిని పట్టుకుంటున్నది ఆ మూడు బ్రేకులు కాదు, పల్లం. ఇది ఏ నక్షాలోనూ లేదు. రోజూ దాని మీద నడిచే నా కాళ్ళకి తెలుసు. నీకు నేనెప్పుడూ చెప్పలేదు. మొదట చెప్పాలని తోచలేదు. తర్వాత తోచింది, చెప్పలేదు.

నువ్వు ఎన్ని బ్రేకులని అడిగిన ఉత్తరం వచ్చేటప్పటికి సర్క్యులర్ నా జేబులో ఉంది. కలం పట్టుకుని 'మూడు' అని రాశాను. పల్లం సంగతి రాయడానికి కింద కాగితమంతా ఖాళీ ఉంది. ఆ ఖాళీని చూస్తూ కూర్చున్నాను. నేను నీకు అబద్ధం రాయలేదు, ప్రతి అక్షరం నిజమే అని నాకు నేనే చెప్పుకున్నాను. వ్యాగన్లు కాస్త కదిలి, నలుగురి ముందూ నువ్వు తెల్ల చొక్కాతో తెల్లమొహం వేసుకుని నిలబడాలి. అంతే కోరుకున్నాను. షెడ్డు కింద మనుషులుంటారని ఆలోచించలేదు. ఇరవై ఏళ్ళు యార్డ్‌లో ఉన్నవాణ్ణి, ఆ ఆలోచన రాలేదు. కడుపులో మంట పెట్టుకున్నవాడికి అది తప్ప ఇంకేదీ కనపడదు.

సోమవారం పొద్దున మీ అక్క గ్లాసు నా ముందు పెట్టి, 'ఈ రోజే కదా వాడిది' అంది. నేను 'నిలవవు' అన్నాను. నోరు జారింది. 'ఏవి నిలవవు?' అంది. చెప్పాను. ఆవిడ నా చెప్పులు తెచ్చి గుమ్మం ముందు పెట్టింది. అప్పుడు పరిగెత్తాను. ఆవిడ ఆ చెప్పులు పెట్టకపోతే వెళ్ళేవాణ్ణో కాదో నాకు తెలీదు. ఇంతకంటే నా గురించి చెడ్డగా రాయడానికి నాకు మాటలు లేవు.

ఆ మీసాలాయన ఎలా ఉన్నాడు?

బావ


కొత్త యార్డ్
సెప్టెంబర్ 1

బావా,

నీ ఉత్తరం చదివి చింపేశాను. మళ్ళీ ముక్కలు ఏరి పక్కపక్కన పెట్టుకుని చదివాను. రెండు రోజులు నీ మీద కోపంతో గదిలో అటూ ఇటూ తిరిగాను. ఆసుపత్రికి వెళ్ళి ఆయన మంచం పక్కన కూర్చున్నప్పుడు మాత్రం ఆ కోపం నిలబడటం లేదు. ఎందుకంటే ఫోన్ పెట్టేసింది నువ్వు కాదు.

నేను చెప్పానన్నది అబద్ధమే. మీటింగులో నీ ఊసు ఎత్తలేదు. కారణం కూడా విను. పన్నెండేళ్ళు నేను ఆ యార్డ్‌లో 'మాస్టరు బావమరిది'ని. వాచ్‌మన్ నుంచి గార్డు దాకా ఎవరూ నన్ను పేరు పెట్టి పిలవలేదు. నేను బాగా చేస్తే నువ్వు నేర్పావన్నారు, పాడుచేస్తే నీ మొహం చూసి వదిలేశారు. నీకు కుళ్ళు జూన్లో మొదలైంది. నాది నేను పనిలో చేరిన రోజే మొదలైంది. నువ్వు చెయ్యి ఊపగానే ఇంజను ఆగుతుంటే చూసి, ఏదో ఒక రోజు ఈయన లేని చోటికి పోవాలనుకున్నాను. పోయాను. అక్కడికీ నీ పద్ధతినే మోసుకుపోయాను.

పన్నెండో తారీకు ఎంక్వైరీ. నువ్వు 'మూడు' అని రాసిన ఉత్తరం నా సొరుగులో ఉంది. అది చూపిస్తే నా మీద భారం సగం తగ్గుతుందని మా యూనియన్ ఆయన అన్నాడు. చూపించను. మెప్పు ఒక్కణ్ణే తీసుకున్నాను, తప్పు కూడా ఒక్కణ్ణే తీసుకుంటాను. నిన్ను ఇందులోకి లాగను. అక్కకి ఇది చెప్పకు.

బావమరిది


పాత బొగ్గు యార్డ్
సెప్టెంబర్ 5

ఒరేయ్,

నువ్వు చెప్పకు అన్నది మీ అక్క నాకంటే ముందే చదివింది. కవర్లు ఆవిడే విప్పుతుంది, నీకు తెలీదూ?

నీ ఉత్తరం చదవగానే నాకు మొదట ఏమనిపించిందో రాస్తాను, సిగ్గులేకుండా. ఇందులో కూడా వీడే గొప్పవాడయ్యాడు అనిపించింది. పేరూ వాడికే, పెద్ద మనసూ వాడికే, నాకు మాత్రం వాడి దయ. నిజంగా ఒళ్ళు మండింది. తప్పు మీదేసుకోవడంలో కూడా నువ్వు నాకంటే ముందుంటే ఓర్చుకోలేకపోయాను. చూశావా, నేను ఎక్కడిదాకా వచ్చానో.

మీ అక్కతో ఆ మాటే అన్నాను. ఆవిడ బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే, 'అయితే మీరూ పోయి చెప్పండి. ఇద్దరూ పోటీలు పడి చెప్పుకోండి. ఎలా చెబితేనేం, నిజం బయటపడుతుంది' అంది.

పన్నెండున పొద్దుటి బండికి వస్తున్నాను. ఆ ఉత్తరం సొరుగులోంచి తీసి నా చేతికివ్వు. ఇవ్వకపోతే అందులో ఏం రాశానో నోటితో చెబుతాను. ఒక్క మాటేగా, మరిచిపోయేది కాదు.

బావ


కొత్త యార్డ్
సెప్టెంబర్ 30

బావా,

నువ్వు మధ్యాహ్నం బండికి వెళ్ళిపోయావు కాబట్టి తర్వాతి సంగతులు రాస్తున్నాను.

నీ వాంగ్మూలం పూర్తయ్యాక ఎంక్వైరీ ఆఫీసరు నన్ను మళ్ళీ లోపలికి పిలిచాడు. 'మీ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టమా, పగా?' అని అడిగాడు. 'ఆయన మా అక్క భర్తండీ' అన్నాను. ఆయన కలం కింద పెట్టి, 'అది జవాబు కాదు' అన్నాడు.

ఉత్తర్వులు పోయిన వారం వచ్చాయి. నన్ను బండ్లకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా దించారు. ఇదే యార్డ్, కింద, పట్టాల మీద. ఎంతకాలమో రాయలేదు. నిన్ను షంటింగ్ నుంచి తప్పించి తూకం గదికి మారుస్తున్నారని తెలిసింది. నీ కాగితం నీకు ఈ పాటికి అంది ఉంటుంది.

గాజు గదిలోకి ఇంకొకరు వచ్చారు. ఆయన మైకులో అరుస్తుంటే నేను కింద నిలబడి లివరు లాగుతున్నాను. మొదటి రోజు తల దించుకుని నడిచాను. షెడ్డువాళ్ళు ఆరుగురూ నన్ను చూసి మాట్లాడటం ఆపేశారు. వాళ్ళతో పని పడినప్పుడు సైగలతోనే పని జరుపుకుంటున్నాను.

మీసాలాయనని నిన్న ఇంటికి పంపారు. నేనూ ఇంకొకతనూ మోసి మెట్లెక్కించాం. నిజమంతా ఆయనకి చెప్పాను, నీ పల్లం సంగతీ, నా ఫోన్ సంగతీ. తర్వాత, 'మీ ఇద్దరి మధ్య నా కాలు ఎందుకయ్యా పెట్టారు?' అన్నాడు. నవ్వుతూ అనలేదు. నేను తలుపు దగ్గర నిలబడిపోయాను. ఆయన భార్య, 'ఇక వెళ్ళు బాబూ' అంది. ఇవాళ మళ్ళీ వెళ్ళాను. తలుపు తీసింది, మంచినీళ్ళు మాత్రం ఇవ్వలేదు. రేపూ వెళతాను.

బావమరిది


పాత బొగ్గు యార్డ్, తూకం గది
నవంబర్ 11

తమ్ముడూ,

నా గది ఆరడుగుల పొడవు. ఒక కిటికీ, ఒక కుర్చీ, ఒక ముల్లు. వ్యాగన్ వచ్చి తూకం బల్ల మీద నిలబడితే ముల్లు ఊగుతుంది, ఆగుతుంది, నేను అంకె రాస్తాను. కిటికీలోంచి నాలుగో లైను కనిపిస్తుంది. కొత్త షంటింగ్ మాస్టరు పని చూస్తూ కూర్చుంటాను. మంచి పనిమంతుడు. అతను చెయ్యి ఊపితే ఇంజను ఆగుతోంది. మొదటి రెండు వారాలు అది చూడలేక కుర్చీ అటు తిప్పుకున్నాను. తూకం రాయాలంటే ఇటే చూడాలని మళ్ళీ తిప్పుకున్నాను. అతనికి పల్లం గురించి మొదటి రోజే పిలిచి చెప్పాను. కాగితం మీద గీసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను.

పోయిన ఆదివారం మీసాలాయన ఇంటికి వెళ్ళాను. నీకు చెప్పలేదు. నువ్వు పొద్దున వచ్చి వెళ్ళావని ఆయన భార్యే చెప్పింది. ఆయన నన్ను చూసి, 'మూడని రాసింది నువ్వేనా?' అన్నాడు. నేనే అన్నాను. కూర్చోమనలేదు. నిలబడే ఉన్నాను. కాసేపటికి, తన యార్డ్‌లో ఏ లైను ఎటు వాలిందో ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టాడు. ఇరవై రెండూ చెప్పాడు. అన్నీ ఆయనకి తెలుసు తమ్ముడూ. నువ్వూ అడగలేదు, ఆఫీసరూ అడగలేదు. నేను రాసుకున్నాను. ఆయన పేరు మీదే పైకి పంపాను. ఆ కాగితం మీద ఆయన పేరు రాస్తుంటే కూడా నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగి, రాసింది.

నిన్న కొత్త సర్క్యులర్ వచ్చింది. నింపిన వ్యాగన్లు ఇంజను లేకుండా ఎక్కడా నిలబెట్టకూడదు, తప్పనిసరైతే అన్నింటికీ బ్రేకులు బిగించాలి, లైన్ల వాలు కొలిచి గోడ మీద రాయాలి అని. మీసాలాయన పేరు ఉంది. నేను అది చేతిలోకి తీసుకోగానే ఏం చేశానో తెలుసా? పైనుంచి కిందిదాకా నీ పేరు కోసం వెతికాను. లేదు. లేదని తెలిశాక నాకు హాయిగా అనిపించింది. ఆయన కాలు విరిగింది, నీ గాజు గది పోయింది, నా షంటింగ్ పోయింది, అయినా ఆ కాస్త హాయి ఎక్కడినుంచో వచ్చి లోపల కూర్చుంది.

ఆ కడుపుమంట తగ్గిందని నీకు రాయగలను. మీ అక్క పక్కనే ఉంది, తగ్గిందని రాయమంటోంది. తగ్గలేదు. ఇకమీదట వచ్చినప్పుడల్లా నీకు ఇలాగే రాస్తాను. దాచి జేబులో పెట్టుకోను. నీకు వచ్చినప్పుడు నువ్వూ రాయి.

మీ బావ